గాలి సద్దుమణిగితేనే నేల వినిపిస్తుంది

(విశాఖపట్నంలో విద్యార్థులు, సైన్స్ అభిమానుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో సభికుల ప్రశ్నలు కొన్ని.)

అందరికీ నమస్కారం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ పిల్లలు ముందుకి వచ్చి కూర్చోండి. ముందు వరస ముఖ్య అతిథుల కోసమని ఖాళీగా ఉంచుతారు, వాళ్ళు ఎలాగూ రారు.

కైలాసగిరి ఎక్కని వాళ్ళు ఈ హాల్లో ఉండరనుకుంటాను. ఆ కొండ రాయి పేరు ఖొండలైట్. తూర్పు కనుమల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీద దానికి ఆ పేరు వచ్చింది. ఆ రాయి ఇప్పుడున్న రూపానికి మారింది సముద్రపు ఒడ్డున కాదు. నేల కింద ఇరవై కిలోమీటర్లకు మించిన లోతులో, విపరీతమైన వేడిలో, ఒత్తిడిలో ఉడికి అలా తయారైంది. పైనున్న బరువంతా కోట్ల ఏళ్ళపాటు అరిగి కొట్టుకుపోయాక బయటపడింది. అంటే భూమి లోపలి ముక్క ఒకటి, మనం తవ్వకుండానే, మన ఊరికి వచ్చి కూర్చుంది.

అయితే ఇరవై ముప్ఫై కిలోమీటర్లు ఎంతని? భూమి కేంద్రం దాకా 6,371 కిలోమీటర్లు. మనిషి వేసిన బోర్లలో అన్నిటికన్నా లోతైనదిగా చాలాకాలం పేరు నిలుపుకున్నది రష్యాలోని కోలా బోరు, 12,262 మీటర్లు. తవ్వకం అక్కడికే ఆగిపోయింది. ఆ కింద ఏముందో మనకి తెలిసిందంతా భూకంపాల పుణ్యమే. మన దేశపు జియలాజికల్ సర్వేలో పనిచేసిన రిచర్డ్ ఓల్డ్‌హామ్ 1897 అస్సాం భూకంపం రికార్డులు పట్టుకుని అందులో తరంగాలను రకాలుగా విడదీశాడు. భూమికి లోపల వేరే గర్భం ఉందని 1906లో ఆధారం చూపించాడు. ఆ గర్భం మధ్యలో ఇంకో గర్భం ఉందని 1936లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగే లేమన్ తేల్చింది. ఇద్దరూ ఒక్క గొయ్యి తవ్వలేదు. కాగితం మీద గీతలు చదివారు, అంతే.

మరి పక్క గ్రహం సంగతేమిటి? చుట్టూ తిరిగే ఉపగ్రహం ఫోటోలు తీస్తుంది, మేఘాలు చూస్తుంది, గురుత్వాకర్షణ కొలుస్తుంది. లోపల ఏ పొర ఎంత మందమో మాత్రం అక్కణ్నించి తేలదు. ఒకే గురుత్వాకర్షణ లెక్కకి ఎన్నో రకాల లోపలి నిర్మాణాలు సరిపోతాయి. నేల మీద చెవి ఆనించాల్సిందే, అంటే దిగాల్సిందే. తీరా దిగాక తెలిసిందేమిటంటే, నేల మాట వినాలంటే ముందు గాలి సంగతి తేల్చుకోవాలి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. ఇక్కడ ఆంధ్రా యూనివర్సిటీలో వాతావరణ శాస్త్రం ఒక విభాగం, భూభౌతిక శాస్త్రం మరో విభాగం. ఇంకో గ్రహం మీద దిగిన యంత్రానికి అలా పంచుకోవడం కుదరదు.

శుక్రుడి సంగతి తొందరగా ముగిస్తాను. అక్కడ దిగిన యంత్రాలు కూడా తొందరగానే ముగిశాయి. ఈ ఊరికి శుక్రుడితో పాత పరిచయం ఉంది. 1840లో గోడే వెంకట జగ్గారావు గారు డాబాగార్డెన్స్‌లో సొంత ఖర్చుతో వేధశాల పెట్టారు. ఊళ్ళో వాళ్ళకి టైము తెలియడానికి డాల్ఫిన్స్ నోస్ మీద జెండా కొయ్య కూడా పాతించారు. ఆయన తర్వాత వేధశాలని నడిపిన అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడం ఇక్కణ్నించే గమనించారు. ఆ నల్లటి చుక్క మీద నిలబడితే ఎలా ఉంటుందో అప్పుడు ఎవరికీ తెలియదు. తెలియడానికి దాదాపు వందేళ్ళు పట్టింది.

ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ లోపలికి వెళ్ళారు కదా? సోవియట్ వాళ్ళు కట్టింది. 1969 డిసెంబరులో మన నేవీలో చేరింది. దాదాపు ఏడాదికి, 1970 డిసెంబరు 15న, అదే దేశం పంపిన వెనెరా 7 శుక్రుడి నేలని తాకింది. కురుసుర రకం సబ్‌మెరైన్ 300 మీటర్ల లోతు దాటి దిగలేదు. శుక్రుడి నేల మీద గాలి ఒత్తిడి మనకన్నా సుమారు 90 రెట్లు. బంగాళాఖాతంలో 900 మీటర్ల లోతుకి వెళ్తే అంత ఒత్తిడి ఉంటుంది. దానికి తోడు 460 డిగ్రీల వేడి. వెనెరా 7 పారాచూట్ చిరిగింది, గట్టిగా గుద్దుకుంది, పక్కకి ఒరిగినట్టుంది. సిగ్నల్ ఆగిపోయిందనే అందరూ అనుకున్నారు. తర్వాత టేపులు మళ్ళీ వడపోస్తే, బాగా బలహీనంగా మరో 23 నిమిషాలు మాట్లాడిందని తేలింది. అందులోనూ ఒక స్విచ్ ఇరుక్కుపోయి ఉష్ణోగ్రత ఒక్కటే పంపింది. ఒత్తిడిని ఆ ఉష్ణోగ్రత నుంచి, దిగిన తీరు నుంచి లెక్కకట్టారు. నాకు ఈ కథ ఎందుకు ఇష్టమంటే, ఒక్క అంకె చేతికి దొరికితే దాన్నుంచి ఇంకో అంకె పిండుకోవడమే మా వృత్తి.

1982లో వెనెరా 13 అక్కడ 127 నిమిషాలు బతికింది. అది రికార్డు. అందులోనూ, దాని జంట వెనెరా 14లోనూ కంపనాలు పట్టే పరికరం ఉంది. రెండు గంటల పైచిలుకు ఆయుష్షులో కంపం వచ్చి పలకరించాలని కోరుకోవడం అత్యాశ. శుక్రుడి లోపలి సంగతి ఇప్పటికీ దాదాపు చీకటే.

ఇక కుజుడు. 1976లో అమెరికా వాళ్ళు రెండు వైకింగ్ ల్యాండర్లు దింపారు. వైకింగ్ 1లో నేల కంపాలు రాసే పరికరానికి, అంటే సీస్మోమీటర్‌కి, ప్రయాణంలో కదలకుండా వేసిన తాళం ఊడలేదు. అది పోయింది. వైకింగ్ 2ది పనిచేసింది. కానీ దాన్ని ల్యాండర్ పైన బిగించారు, నేల మీద పెట్టలేదు. గాలి వీచినప్పుడల్లా ల్యాండర్ ఊగేది, పరికరం ఆ ఊపునే రాసేది. గాలి లేనప్పుడు మాత్రమే దాని మాట నమ్మొచ్చు. దిగిన ఎనభయ్యో రోజున ఒక కదలిక నమోదైంది. చూడ్డానికి అచ్చం కంపంలాగే ఉంది. ఆ నిమిషంలో గాలి ఎంత ఉందో చూద్దామంటే, ఆ సమయానికి గాలి రీడింగ్ లేదు! అది కంపమో, గాలి దెబ్బో ఎవరూ తేల్చలేకపోయారు. ఆ ఒక్క రీడింగ్ లేనందుకు కుజుడి మీద మొదటి కంపం అని రాసుకునే అవకాశం నలభై రెండేళ్ళు వాయిదా పడింది.

వైకింగ్ వాతావరణ పరికరాలు మాత్రం బ్రహ్మాండంగా పనిచేశాయి. కుజుడి గాలి దాదాపు అంతా కార్బన్ డయాక్సైడ్. ధ్రువాల దగ్గర చలికాలం వస్తే ఆ గాలే గడ్డకట్టి నేల మీద పడుతుంది. అందువల్ల గ్రహం మొత్తం మీద ఒత్తిడి దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది, ఎండ వచ్చాక మళ్ళీ పెరుగుతుంది. ఆ ఒత్తిడి ఎంతో చెప్తాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన మీద పడ్డప్పుడు కేంద్రంలో ఒత్తిడి 950 మిల్లీబార్ల దాకా దిగింది. మామూలుగా వెయ్యి పైన ఉండాలి. అంటే ఆ రోజు ఇక్కడ తగ్గిన గాలి ఒత్తిడే యాభై అరవై మిల్లీబార్లు. కుజుడి మీద మొత్తం గాలి ఒత్తిడి ఆరేడు మిల్లీబార్లు. అంత పల్చటి గాలి కూడా సీస్మోమీటర్‌ని ఊపగలదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ పాఠం నేర్చుకుని అమెరికా వాళ్ళు కట్టిన కుజుడి ల్యాండర్ ఇన్‌సైట్. 2016 మార్చిలో బయలుదేరాలి. ఫ్రాన్స్‌లో తయారైన సీస్మోమీటర్ వాక్యూమ్ గోళంలో లీకు దొరికింది. కుజుడికి దారి ఇరవయ్యారు నెలలకోసారే కలిసొస్తుంది కాబట్టి ప్రయాణం 2018 మే 5కి మారింది. ఆ ఏడాది నవంబరు 26న ఎలీసియం మైదానంలో దిగింది. రోబో చెయ్యి సీస్మోమీటర్‌ని ఎత్తి నేల మీద పెట్టింది, ఫిబ్రవరిలో దాని మీద గాలికీ చలికీ అడ్డంగా ఒక గొడుగు బోర్లించింది. ఆ పరికరం హైడ్రోజన్ పరమాణువు కంటే చిన్న కదలికని కూడా పట్టగలదు. పక్కనే ఒత్తిడి కొలిచేది, గాలి వేగం కొలిచేది, అయస్కాంత క్షేత్రం కొలిచేది, అన్నీ రాత్రీ పగలూ నడిచేలా పెట్టారు. ఆ గాలి పరికరాలు అక్కడి వాతావరణం కోసమే కాదు. నేల నిజం చెబుతోందా లేదా అని సాక్ష్యానికి కూడా.

ఇక్కడ విశాఖలో మంచి సీస్మోమీటర్ పెడితే ఏం వినిపిస్తుందో తెలుసా? లారీలు, రైళ్ళు సరే. అవన్నీ ఆపేసినా సముద్రం ఆగదు. అలల ఒత్తిడి వల్ల నేల కొన్ని సెకన్లకోసారి సన్నగా ఊగుతూనే ఉంటుంది. ఖండం మధ్యలోకి వెళ్ళినా ఆ ఊపు వదలదు. కుజుడి మీద సముద్రం లేదు. పగలు ఎండకి నేల వేడెక్కి గాలి సుడులు తిరుగుతుంది, అప్పుడంతా రొద. సాయంత్రం గాలి సద్దుమణిగితే భూమ్మీద ఎక్కడా దొరకనంత నిశ్శబ్దం. కంపాల్లో ఎక్కువ భాగం ఆ సాయంత్రాల్లోనే దొరికాయి. పగలు కంపాలు రాలేదని కాదు, వినిపించలేదు. ఉత్తరార్ధంలో చలికాలం వచ్చి రాత్రుళ్ళు కూడా గాలి వీచిన నెలల్లో దాదాపు ఏమీ దొరకలేదు. పరికరాన్ని తిట్టుకుంటూ కూర్చోవడమే.

మొదటి కంపం 2019 ఏప్రిల్ 6న. ఆఖరికి లెక్క 1,300 దాటింది. ఒక్క పరికరంతో కంపం ఎక్కడ పుట్టిందో ఎలా చెప్తారని అడుగుతారు. ముందు పి తరంగం వస్తుంది, వెనక ఎస్ తరంగం వస్తుంది. రెంటి మధ్య ఎడం ఎంత ఎక్కువైతే కంపం అంత దూరంలో పుట్టినట్టు. మొదటి తరంగం నేలని ఏ వైపుకి ఊపిందో చూస్తే దిక్కు తెలుస్తుంది. అలా చూస్తే పెద్ద కంపాలు చాలావరకు సెర్బరస్ ఫోసే అనే పగుళ్ళ ప్రాంతం వైపు చూపించాయి. చల్లారిపోయిందనుకున్న గ్రహం అక్కడ ఇంకా కదులుతోంది.

ఎస్ తరంగం ద్రవంలో వెళ్ళలేదు. ద్రవం తగిలితే వెనక్కి తిరుగుతుంది. ఆ తిరిగొచ్చిన తరంగాల టైము చూసి కుజుడి గర్భం వ్యాసార్ధం సుమారు 1,830 కిలోమీటర్లని 2021లో చెప్పారు. అది ద్రవమేనని ఇంకో దారిలో కూడా తేలింది. ఉడికించిన గుడ్డు, పచ్చి గుడ్డు రెండూ బల్ల మీద తిప్పి చూడండి. పచ్చిది తడబడుతుంది, లోపలిది కదులుతుంది కాబట్టి. ఇన్‌సైట్ నుంచి వచ్చే రేడియో సంకేతంలో చిన్న తేడాలు పట్టి కుజుడి తిరుగుడులో అలాంటి తడబాటునే కొలిచారు. ఈ పనికి సీస్మోమీటర్ అక్కర్లేదు, నేల మీద కదలకుండా ఉన్న ఒక రేడియో చాలు. ఆ కొలతల్లోనే ఇంకో వింత బయటపడింది. కుజుడి రోజు ఏటా మిల్లీసెకనులో ఏ కొంచెమో పొట్టిదవుతోంది. ధ్రువాల మీద మంచు పేరుకోవడం ఒక కారణం కావచ్చంటున్నారు.

1,830 అన్న అంకెతో ఒక పేచీ వచ్చింది. గర్భం అంత పెద్దదైతే సాంద్రత తక్కువుండాలి. ఇనుములో గంధకం, కార్బన్, ఆక్సిజన్ లాంటి తేలిక మూలకాలు మరీ ఎక్కువ కలిసుండాలి. అంత ఎక్కడిదని రసాయన శాస్త్రవేత్తలు తల పట్టుకున్నారు. ఈలోగా 2021 సెప్టెంబరు 18న గ్రహానికి అవతలి వైపు ఒక ఉల్క పడింది. దాని తరంగాలు గర్భం అంచుని రాసుకుంటూ వచ్చాయి, కానీ అనుకున్నదానికంటే ఆలస్యంగా. 2023లో రెండు బృందాలు వేర్వేరుగా ఒకే మాట చెప్పాయి. ఇనుప గర్భం 1,650 కిలోమీటర్ల పైచిలుకే, దాని చుట్టూ సుమారు 150 కిలోమీటర్ల మందాన కరిగిన రాతి పొర ఉందని. మనం గర్భం అంచు అనుకున్నది ఆ కరిగిన రాతి పైభాగమన్నమాట. దీంతో ఇనుము సాంద్రత లెక్క కూడా దారికొచ్చింది. 2025లో ఒక బృందం లోపల ఘన గర్భం కూడా ఉందని, వ్యాసార్ధం సుమారు 600 కిలోమీటర్లని ప్రకటించింది. నేనైతే దాని గురించి ఇప్పుడే పందెం కట్టను. పరికరం ఒక్కటే కదా.

ఉల్కల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. 2021 డిసెంబరు 24న ఇన్‌సైట్ 4 తీవ్రత కంపం రాసుకుంది. తర్వాత ఉపగ్రహం ఫోటోల్లో 150 మీటర్ల వెడల్పు కొత్త గుంట కనిపించింది, చుట్టూ మంచు గడ్డలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. కంపం ఎక్కడ పుట్టిందో అంగుళం తేడా లేకుండా తెలిస్తే మాకు పండగే. మన లెక్కలన్నీ దానితో సరిచూసుకోవచ్చు. 2022 మే 4న వచ్చినది అన్నిటికన్నా పెద్దది, 4.7. అదీ ఉల్కేనేమోనని యూరప్, చైనా, యూఏఈ, మన ఇస్రో సహా అందరూ తమ ఉపగ్రహాల ఫోటోలు వెతికారు. గుంట దొరకలేదు. అది లోపలి నుంచి వచ్చిందే.

ఇప్పుడు విఫలమైన దాని గురించి. ఇన్‌సైట్‌లో జర్మనీ వాళ్ళ వేడి కొలిచే మేకు ఒకటుంది. తనని తాను సుత్తితో కొట్టుకుంటూ అయిదు మీటర్లు దిగాలి. లోపలి నుంచి ఎంత వేడి పైకి వస్తోందో కొలవాలి. అక్కడి మట్టి ముద్దకట్టి ఉంది, మేకుని పట్టుకోలేదు. పట్టు లేకపోతే కొట్టిన ప్రతి దెబ్బకీ మేకు ఎగురుతుంది. రెండేళ్ళు తంటాలు పడ్డారు. రోబో చేత్తో పక్కనుంచి నొక్కారు, పైనుంచి నొక్కారు. తల నేలలో మునిగేంత వరకే వెళ్ళింది. 2021 జనవరిలో చాలించారు. కాకపోతే ఆ సుత్తి దెబ్బలన్నిటినీ పక్కనున్న సీస్మోమీటర్ రాసుకుంది. పైమట్టి ఎంత గట్టిదో వాటి నుంచే తెలిసింది.

గాలి కూడా అలాగే ఉపయోగపడింది. సుడిగాలి పక్కనుంచి వెళ్తే దాని మధ్యలో ఒత్తిడి తక్కువ కాబట్టి నేల కొంచెం పైకి లేస్తుంది, పక్కకి ఒరుగుతుంది. ఒత్తిడి ఎంత తగ్గిందో ఒక పరికరం చెప్పింది, నేల ఎంత ఒరిగిందో సీస్మోమీటర్ చెప్పింది. రెండూ కలిపితే కింద కొన్ని మీటర్ల లోతు వరకు నేల ఎంత మెత్తనో లెక్క తేలింది. వైకింగ్‌కి శత్రువైన గాలి ఇక్కడ కూలి లేకుండా పనిచేసింది.

అలాంటి సుడులు వేలల్లో నమోదయ్యాయి. వాటిలో ఒక్కటీ సౌర ఫలకల మీద దుమ్ము సరిగ్గా ఊడ్చలేదు! అంతకు ముందు రోవర్లకి గాలి ఆ పని చేసిపెట్టింది. ఇక్కడ దుమ్ము పేరుకుంటూ పోయింది. 2021లో ఒక ఉపాయం చేశారు. రోబో చేత్తో ఇసుక ఎత్తి ఫలక పక్కన జారవిడిచారు. గాలికి ఆ ఇసుక రేణువులు ఫలక మీద దొర్లుతూ సన్నటి దుమ్ముని తీసుకుపోయాయి. కాస్త కరెంటు పెరిగింది. దుమ్ముని దుమ్ముతోనే దులిపారు, అదీ పల్చటి గాలి ఎటు వీస్తుందో చూసుకుని. దానితో కొంతకాలం నెట్టుకొచ్చారు. 2022 డిసెంబరు 15 తర్వాత జవాబు రాలేదు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.

ప్రశ్న (ఒక విద్యార్థిని): సార్, మన విక్రమ్‌లో కూడా ఇలాంటివి ఉన్నాయి కదా?

ఉన్నాయమ్మా. చంద్రుడి మీద గాలి లేదు కాబట్టి ఇంత గొడవ లేదు. 2023 ఆగస్టు 23న దిగిన విక్రమ్‌లో ఇల్సా అనే కంపనాల పరికరం ఉంది. ప్రజ్ఞాన్ రోవర్ నడిచిన అలికిడి కూడా దానికి తెలిసింది. చాస్టే అని ఇంకోటుంది, వేడి కొలిచే కడ్డీ. దాని మీద పది సెన్సర్లు. జర్మన్ మేకులా సుత్తి పెట్టుకోలేదు, మోటారుతో నెమ్మదిగా నేలలోకి నెట్టారు. పది సెంటీమీటర్లే, కానీ అనుకున్నంతా దిగింది. పైన 50 డిగ్రీలు దాటిన వేడి ఉంటే, ఎనిమిది సెంటీమీటర్ల కింద మైనస్ 10. జానెడు లోతు కూడా లేదు, చూడండి. అయిదు మీటర్ల ఆశకి పోకుండా పది సెంటీమీటర్లు ఖాయం చేసుకోవడం నాకు నచ్చింది.

ప్రశ్న (ఒక పెద్దాయన): మాస్టారూ, కుజుడి కడుపులో ఇనుముంటే మనకేంటి, ఇత్తడుంటే మనకేంటి?

ఇనుము ద్రవంగా ఉండి సుడులు తిరిగితే గ్రహానికి అయస్కాంత క్షేత్రం వస్తుందండీ. మన భూమికి ఉంది. కుజుడికి ఒకప్పుడు ఉండేది, ఆగిపోయింది. పాత రాళ్ళలో దాని ముద్ర మిగిలుంది. ఇన్‌సైట్ దిగిన చోట నేల మీద ఆ క్షేత్రం, ఉపగ్రహాల కొలతల నుంచి ఊహించినదానికి దాదాపు పది రెట్లు ఉంది. గర్భం ఇప్పటికీ ద్రవమే, మరి ఆ యంత్రం ఎందుకు ఆగిపోయింది? కుజుడి గాలి చాలావరకు అంతరిక్షంలోకి పోయింది, నీళ్ళు పోయాయి. దీనికి అయస్కాంత క్షేత్రం ఆగిపోవడమే కారణమా, కాదా అని ఇంకా వాదించుకుంటున్నారు. పైన గాలి ఎందుకు లేదన్న ప్రశ్నకి జవాబులో కొంత భాగం లోపలే ఉందండీ. మీకు రేపటికి ఉపయోగమా అంటే, లేదు.

ప్రశ్న (ఒక విద్యార్థి): శుక్రుడి మీద ఇప్పుడు సీస్మోమీటర్ పెట్టలేమా సార్?

460 డిగ్రీల్లో మామూలు చిప్పులు పనిచేయవు బాబూ. సిలికాన్ కార్బైడ్‌తో వేడికి తట్టుకునే సర్క్యూట్లు తయారు చేస్తున్నారు, కానీ ఇన్‌సైట్ స్థాయికి ఇంకా చాలా దూరం. మన ఇస్రో శుక్రుడికి పంపబోయేది కూడా చుట్టూ తిరిగే ఉపగ్రహమే, దిగేది కాదు. అయితే ఇంకో దారి ఉంది. శుక్రుడి గాలి చిక్కన. నేల ఊగితే ఆ ఊపు గాలిలోకి మన దగ్గర కంటే చాలా బలంగా ఎక్కుతుంది, మనిషి చెవికి అందని శబ్దంగా పైకి వెళ్తుంది. యాభై అరవై కిలోమీటర్ల ఎత్తున అక్కడ వేడి, ఒత్తిడి దాదాపు మనకి అలవాటైనంతే. 1985లో సోవియట్ వేగా బెలూన్లు రెండు ఆ ఎత్తులో దాదాపు రెండేసి రోజులు తేలాయి కూడా. అలాంటి బెలూన్‌కి ఒత్తిడి కొలిచే బారోమీటర్ కడితే కింద వచ్చిన కంపం వినిపించాలి. మాటలు కాదు, భూమ్మీద చేసి చూశారు. 2019 జులైలో కాలిఫోర్నియాలో రిడ్జ్‌క్రెస్ట్ భూకంపం తర్వాత వచ్చిన ఒక చిన్న ప్రకంపనని బెలూన్ మీది బారోమీటర్ పట్టింది. 2021 డిసెంబరులో ఇండోనేషియాలో ఫ్లోరెస్ సముద్రంలో వచ్చిన పెద్ద భూకంపాన్ని వాతావరణ పరిశోధన కోసం ఎగరేసిన బెలూన్లు వేల కిలోమీటర్ల దూరం నుంచి విన్నాయి. అది వాటికి అప్పగించిన పని కాదు. గాలి ఒత్తిడి రాసుకోవడమే వాటి పని, అందులో భూకంపం దొరికింది.